దెబ్బల వీరుణ్ణి కొనాలా వద్దా

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు మన పెద్దవాళ్ళు. ఈ సామెత చెల్లని ఆట ఒకటి అమెరికాలో ఉంది. అందులో ఏనుగు కాలికి ముల్లు గుచ్చుకుంటే చాలు, వెయ్యి కాస్తా రెండు వందలకి దిగిపోతుంది. చవకగా వస్తోంది కదా అని ఎగబడేవాళ్ళు కొందరు, ఊరికే ఇచ్చినా మాకొద్దు అనేవాళ్ళు కొందరు. ఆ ఆట పేరు ఫాంటసీ బేస్‌బాల్.

బి.ఎ. తెలుగు చదివి వంటింట్లో స్థిరపడినదానికి ఈ గొడవ ఎందుకు అంటారేమో. మేము న్యూజెర్సీ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇక్కడ మార్చి నెల వచ్చిందంటే మా ఇంట్లో భోజనాల బల్ల మీద కంచాలకంటే ముందు కాగితాలు పరుస్తారు. మా పెద్దాడు, డాలస్‌లో మా మరిది పిల్లలు, షార్లెట్‌లో మా ఆడపడుచు కొడుకు, వాళ్ళ స్నేహితులు కలిపి పదిమంది ఒక లీగు పెట్టుకున్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మా మూడు కుటుంబాల మధ్య ఫోన్లు ఆగకుండా నడిచేది దీని పుణ్యమే. అందుకని నేను దీన్ని తిట్టను. పైగా, ఎందుకు పుట్టిందో ఎలా పుట్టిందో తెలియని దేన్నీ ఇంట్లో ఊరికే ఉండనివ్వడం నా అలవాటు కాదు. ఊళ్ళో లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివినకొద్దీ ఇందులో మన ఇళ్ళ లెక్కలే కనిపించాయి.

ముందు ఆట సంగతి చెబుతాను. పిల్లలు నిజంగా బ్యాటు పట్టుకోరు. పెద్ద లీగుల్లో ఆడే అసలు ఆటగాళ్ళని, ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా, తమ కాగితం జట్టులోకి ఎంచుకుంటారు. ఆ ఎంపికనే డ్రాఫ్ట్ అంటారు. ఒకడు ఎంచుకున్న ఆటగాడు ఇంకొకడికి దొరకడు. ఆ తర్వాత అసలు మైదానంలో ఆ ఆటగాడు కొట్టే హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి), చేసే పరుగులు, అన్నీ ఈ కాగితం జట్టు ఖాతాలో పడతాయి. మొదటి రౌండ్‌లో ఒకటి నుంచి పది, రెండో రౌండ్‌లో పది నుంచి ఒకటి, ఇలా పాములా వంకర తిరుగుతూ వంతులు వస్తాయి. మొదటి రౌండ్లు బంగారం కొట్టు, చివరి రౌండ్లు శనివారం సంత. ఏ రౌండ్‌లో ఎవరిని తీసుకున్నావు అన్నదే ధర.

ఈ ఆటకి ఇప్పటి రూపం ఇచ్చినవాడు డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, సంపాదకుడు. దీనికి ముందు కూడా ఇలాంటివి ఉన్నాయి. 1960లో విలియం గామ్సన్ అనే సామాజిక శాస్త్ర అధ్యాపకుడు తన మిత్రులతో 'బేస్‌బాల్ సెమినార్' అని ఒకటి ఆడించాడు. ఆ ఆట యూనివర్సిటీ వాళ్ళ ద్వారా ఓక్రెంట్ చెవిన పడింది. 1979-80 చలికాలంలో విమాన ప్రయాణంలో కూర్చుని ఆయన కొత్త నియమాలు రాసుకున్నాడు. న్యూయార్క్‌లో 'లా రోటిసరీ ఫ్రాన్సేజ్' అనే హోటల్‌లో స్నేహితులతో భోజనం చేస్తూ ఆ నియమాలు వినిపించాడు. రోటిసరీ అంటే కోడిని ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చే చోటు. ఆ హోటల్ ఎప్పుడో మూతపడింది. ఆట మాత్రం 'రోటిసరీ లీగ్' అనే పేరుతో దేశమంతా పాకింది. అంటే ఇంత పెద్ద వ్యవహారమూ ఒక పూట భోజనం దగ్గర పుట్టిందన్నమాట. మన పెళ్ళి సంబంధాల లాగానే!

1980 వసంతంలో మొదటి లీగు మొదలైంది. ఆ మొదటి జట్ల యజమానుల్లో ఒక మహిళ ఉంది, పేరు వాలెరీ సాలెంబియే. పత్రికా రంగంలో పెద్ద ఉద్యోగాలు చేసిన మనిషి. తన జట్టుకి సాలెంబియే ఫ్లాంబేస్ అని పేరు పెట్టుకుంది. నిప్పు అంటించి వడ్డించే ఫ్రెంచి వంటకాలని అలా అంటారు. నాకు ఆ పేరు భలే నచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంత ఆట కనిపెట్టిన ఓక్రెంట్ తన లీగులో ఒక్కసారి కూడా గెలవలేదు.

వాళ్ళ పద్ధతిలో వంతులు లేవు, వేలం పాట. తర్వాత స్థిరపడిన నియమం ప్రకారం ఒక్కొక్క జట్టుకి 260 డాలర్లు, అందులో 23 మందిని కొనుక్కోవాలి. ఇది నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. చీటీ పాటలు చూసినవాళ్ళం కదా మనం! మొదటి నెలలోనే ఆత్రపడి పాడేస్తే ఎంత పోతుందో, మరీ చివరిదాకా ఆగితే ఏం మిగులుతుందో మనకి తెలుసు. 260లో ఒక్క హీరో మీద 45 పెట్టేస్తే మిగతా 22 మందికీ 215 మాత్రమే మిగులుతుంది. ఆ హీరో మే నెలలో మోకాలు పట్టుకుని కూర్చుంటే?

ఇక్కడే ఆ తొలి నియమాల్లో ఒక కఠినమైన మెలిక ఉంది. ఆటగాణ్ణి ఇష్టం వచ్చినప్పుడు మార్చడానికి వీల్లేదు. అసలు జట్టు వాళ్ళు అతన్ని 'డిసేబుల్డ్ లిస్ట్'లో వేస్తేనో, చిన్న లీగుకి పంపేస్తేనో, ఉద్యోగంలోంచి తీసేస్తేనో తప్ప అతని బదులు ఇంకొకణ్ణి పెట్టుకునే హక్కు లేదు. మోకాలికి ఐసు గడ్డలు పెట్టుకుని రేపు ఆడతాడు, ఎల్లుండి ఆడతాడు అని వారంపాటు నానబెడితే ఆ వారమంతా ఆ గడిలో సున్నాలే. పూర్తిగా మంచం పట్టినవాడితో బాధ లేదు, బదులు దొరుకుతాడు. ఇవాళ వస్తానో రానో చెప్పని పనిమనిషితోనే కదండీ మనకి అసలు తంటా.

ఆ లిస్టు పేరు 2019 నుంచి మార్చారు. ఇప్పుడు దాన్ని 'ఇంజర్డ్ లిస్ట్' అంటున్నారు. వైకల్యం ఉన్నవాళ్ళు ఆటలకి పనికిరారన్నట్టు ఆ పాత మాట ధ్వనిస్తోందని వాళ్ళ తరఫున పనిచేసేవాళ్ళు అడిగితే మార్చారట. తెలుగు చదివినదాన్ని కాబట్టి ఇలాంటివి నా కళ్ళలో పడతాయి. ఒక్క మాట మార్చడానికి ఇన్నేళ్ళు పట్టిందా అనిపించింది, మార్చినందుకు సంతోషమూ వేసింది. 'ఇంజురీ ప్రోన్' అని ఇంకో మాట ఉంది, మాటిమాటికీ దెబ్బలు తగిలించుకునేవాడని. దానికి మన భాషలో సరైన మాట లేదు. మా అమ్మమ్మ అయితే 'దిష్టి తగిలిన పిల్లాడు' అనేది. ఆ మాటలో తప్పు పిల్లాడిది కాదు, చూసినవాళ్ళ కళ్ళది. నాకు అదే బాగుంది.

ఈ దిష్టి తగిలిన పిల్లల్లో మొదట చెప్పుకోవలసినవాడు మిక్కీ మాంటిల్. ఓక్లహామా రాష్ట్రంలో గనుల్లో పనిచేసే తండ్రి, మట్ మాంటిల్. కొడుకు పుట్టినప్పుడే తనకిష్టమైన ఆటగాడు మిక్కీ కాక్రన్ పేరు పెట్టుకుని, వాణ్ణి ఆటగాణ్ణి చెయ్యాలని చిన్నప్పటినుంచీ పట్టుబట్టి నేర్పించాడు. బడిలో ఫుట్‌బాల్ ఆడుతుండగా పిల్లాడి కాలికి తన్ను తగిలి ఎముకకి చీము పట్టే జబ్బు వచ్చింది. ఆ కాలు చూసి సైన్యం వాళ్ళు తర్వాత అతన్ని వద్దన్నారు కూడా. అలాంటి పిల్లాడు 19 ఏళ్ళకే న్యూయార్క్ యాంకీస్ జట్టులో చేరాడు.

1951 అక్టోబరు 5. వరల్డ్ సిరీస్ రెండో ఆట. విల్లీ మేస్ కొట్టిన బంతి గాలిలోకి లేచింది. మాంటిల్ పరుగెత్తాడు. పక్కనుంచి పెద్ద ఆటగాడు జో డిమాజియో వస్తున్నాడని చూసి తను ఆగబోయాడు. మైదానంలో నీళ్ళు పోయే తూము మూతలో అతని బూటు మేకు ఇరుక్కుంది. మోకాలు మెలిపడిపోయింది. ఆసుపత్రి ముందు టాక్సీ దిగుతూ తండ్రి భుజం మీద బరువు వేశాడు. ఆ తండ్రి అక్కడే కూలిపోయాడు. అప్పటికే ఆయన ఒంట్లో హాడ్జ్‌కిన్స్ వ్యాధి ముదిరిపోయి ఉంది, కొడుక్కి తెలియదు. ఇద్దరూ ఒకే గదిలో పక్క పక్క మంచాల మీద పడుకుని మిగతా సిరీస్ టీవీలో చూశారు. తర్వాతి మే నెలలో 40 ఏళ్ళకే మట్ మాంటిల్ పోయాడు.

ఇది చదివిన రోజు నేను వంట ఆలస్యం చేశాను.

అయితే లెక్కకి వస్తే, ఆ మోకాలితోనే మాంటిల్ 1968 దాకా ఆడాడు. మొత్తం 2,401 ఆటలు, 536 హోమ్ రన్లు. 1956, 1957, 1962లో మూడుసార్లు తన లీగులో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి. ఆట ముందు కాళ్ళకి బారెడు బారెడు కట్లు కట్టుకునేవాడు. ఆ రోజుల్లో ఫాంటసీ ఆట ఉండి ఉంటే, 1952లో ప్రతి తెలివైన కుర్రాడూ 'మోకాలు పోయినవాడు' అని అతన్ని వదిలేసి ఉండేవాడు. నొప్పి ఉండటం వేరు, రాకపోవడం వేరు. ఈ తేడా ఇంట్లో ఆడవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు, నడుం నొప్పితోనే కదా ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి పొయ్యి ముట్టిస్తున్నాం.

దీనికి పూర్తిగా తలకిందుల కథ సాండీ కూఫాక్స్‌ది. బంతి విసిరేవాడు, పిచ్చర్ అంటారు. 1966లో 27 ఆటలు గెలిపించాడు, ఆ ఏడాది కూడా అత్యుత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ బహుమతి అతనిదే. అంకెలు చూస్తే ఏ లోటూ లేదు. నవంబరులో, 30 ఏళ్ళకే, ఇక ఆడనని చెప్పేశాడు. మోచేతిలో కీళ్ళవాతం, చెయ్యి శాశ్వతంగా పోతుందన్న భయం. నిరుటి అంకెలు మాత్రమే చూసి వచ్చే ఏటికి జట్టు కట్టేవాళ్ళకి ఆ చెయ్యి కనిపించదు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే డాడ్జర్స్ జట్టులో టామీ జాన్ మోచేతి నరం తెగిపోతే, 1974 సెప్టెంబరులో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు అతని రెండో చేతిలోంచి స్నాయువు తీసి ఇక్కడ కుట్టాడు. మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒక్క వంతు అన్నాడట. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. తన 288 గెలుపుల్లో 164 ఆ ఆపరేషన్ తర్వాతవే. ఇవాళ ఆ ఆపరేషన్ పేరే టామీ జాన్.

మా పెద్దాడి సమస్యకి దగ్గరగా వచ్చేది మాత్రం కెన్ గ్రిఫీ జూనియర్ కథ. తండ్రి పెద్ద కెన్ గ్రిఫీ సిన్సినాటి జట్టులో పేరున్న ఆటగాడు. 1990లో తండ్రీ కొడుకులు ఒకే జట్టులో పక్కపక్కన ఆడారు, ఒక ఆటలో ఒకరి వెనక ఒకరు హోమ్ రన్లు కొట్టారు. 1990లలో కొడుకంత అందంగా బ్యాటు తిప్పేవాడు లేడని ఇప్పటికీ చెబుతారు. 2000లో తను పెరిగిన సిన్సినాటికే ఆడటానికి వచ్చాడు. మొదటి ఏడాది 145 ఆటలు, 40 హోమ్ రన్లు. ఇంక దిష్టి మొదలైంది. తొడ వెనక కండరం, మోకాలు, భుజం, మడమ, మళ్ళీ తొడ. 2001లో 111 ఆటలు, 2002లో 70, 2003లో 53, 2004లో 83. బేస్‌బాల్‌లో ఏడాదికి 162 ఆటలు. నాలుగేళ్ళకి 648. అందులో ఇతను ఆడినవి 317. సగం కూడా కాదు.

అప్పటికి ఈ కాగితం ఆట ఇంటర్‌నెట్ మీదికి వచ్చేసింది. లక్షలమంది ఆడుతున్నారు. 2005 మార్చిలో గ్రిఫీ పేరు వస్తే నవ్వి పక్కకి తోసేవాళ్ళే ఎక్కువ అయి ఉంటారు, నేనైనా అంతే. ఆ ఏడాది అతను 128 ఆటలాడి 35 హోమ్ రన్లు కొట్టాడు. 35 ఏళ్ళ వయసులో! తిరిగి నిలబడ్డ ఆటగాడని బహుమతి కూడా ఇచ్చారు. మొదటి రౌండ్‌లో తీసుకున్న వాళ్ళని నాలుగేళ్ళు ఏడిపించి, చివరి రౌండ్లలో ఏరుకున్నవాళ్ళకి పండగ చేశాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు.

మధ్యలో, 2004 జూన్ 20న, అన్ని దెబ్బల మధ్యా ఒక రోజు తన 500వ హోమ్ రన్ కొట్టాడు. అది ఇక్కడివాళ్ళ ఫాదర్స్ డే. తండ్రి స్టేడియంలో కూర్చుని చూస్తున్నాడు. ఫాంటసీ లెక్కలో అది ఒక్క హోమ్ రన్ మాత్రమే.

ఇప్పుడు మా ఇంటికి వద్దాం. 2025 మార్చిలో మా పెద్దాడి తగువంతా మైక్ ట్రౌట్ గురించి. ట్రౌట్ ఆడేది కాలిఫోర్నియాలో ఏంజెల్స్ జట్టుకే అయినా పుట్టి పెరిగింది మా న్యూజెర్సీ రాష్ట్రంలో, దక్షిణాన మిల్‌విల్ చుట్టుపక్కల. తండ్రి జెఫ్ ట్రౌట్ కూడా చిన్న లీగుల్లో ఆడి, తర్వాత మిల్‌విల్ బడిలో పంతులుగా పనిచేసినవాడే. 2009లో అసలు డ్రాఫ్ట్ మా రాష్ట్రంలోనే సికాకస్ అనే ఊళ్ళో జరిగితే, రమ్మని పిలిచినవాళ్ళలో ట్రౌట్ ఒక్కడే స్వయంగా వచ్చి కూర్చున్నాడు. 24 మంది పేర్లు చదివేదాకా తన పేరు రాలేదు. 25వ పేరు అతనిది. 2012లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. 2014, 2016, 2019లో అత్యంత విలువైన ఆటగాడు. చాలా ఏళ్ళపాటు ఏ ఫాంటసీ లీగులో చూసినా మొదటి పేరుకి పోటీ పడినవాడు. మా పెద్దాడు నాలుగో తరగతి నుంచి గోడకి అతికించుకున్న బొమ్మ అతనిదే.

తర్వాత దెబ్బలు. 2021లో పిక్క కండరం పట్టేసి 36 ఆటలే ఆడాడు. 2022లో వెన్ను నొప్పి, అయినా 119 ఆటల్లో 40 హోమ్ రన్లు. 2023లో చేతి ఎముక విరిగి 82 ఆటలు. 2024లో మోకాలు, 29 ఆటలు. నేను పచారీ లెక్కల పుస్తకం వెనక పేజీలో కూడాను. 648 ఆటల్లో 266. గ్రిఫీ కంటే 51 తక్కువ.

మావారు చేసేది అంకెల ఉద్యోగం. ఆయన మాట ఒకటే: "సగం రోజులు కూడా రానివాడి మీద పెట్టుబడేమిట్రా?" పెద్దాడు పౌరుషంగా, "వచ్చిన రోజు చూడు నాన్నా" అంటాడు. ఇలా రెండు రాత్రులు సాగింది. మూడో రాత్రి ఏం చేశాడో గాని పెద్దాడు కూడా తండ్రి వైపు తిరిగి, "నిజమే, రానివాడు జట్టుకి బరువే" అన్నాడు.

బల్ల చివర హోంవర్కు చేసుకుంటున్న మా చిన్నాడు తల ఎత్తాడు. వాడికి పదకొండేళ్ళు. ఉబ్బసం. చలికాలంలో నెలకి నాలుగైదు రోజులు బడికి పోలేడు. ఆ జనవరిలోనే హాజరు తగ్గిందని బడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది, డాక్టరు కాగితం ఇచ్చినా సరే. వాడు చాలా మామూలుగా, పెన్సిలు చెక్కుకుంటూ, "మరి నన్నయితే ఎన్నో రౌండ్‌లో తీసుకుంటారు?" అని అడిగాడు.

ఎవరికీ నోట మాట రాలేదు. మావారు లేచి మంచినీళ్ళు తెచ్చుకున్నారు. పెద్దాడు ఎర్రబడిపోయి, "నువ్వు ఫస్ట్ రౌండ్‌రా" అన్నాడు. వాడు నమ్మలేదు. "అబద్ధం. నాకు ఇంజర్డ్ లిస్ట్ గడి కావాలి" అని మళ్ళీ లెక్కలు చేసుకోవడంలో పడ్డాడు.

వాడు నవ్వులాటకే అన్నాడో, నొచ్చుకునే అన్నాడో నేను గుచ్చి అడగలేదు. కానీ పరిష్కారం ఆ మాటలోనే ఉంది. ఈ తొలి లీగుల కథ చదువుతున్నంతసేపూ నాకు తట్టింది అదే. దెబ్బ తగులుతుందా తగలదా అని జోస్యం చెప్పడం ఎవరి తరమూ కాదు. మాంటిల్ విషయంలో తప్పేది, కూఫాక్స్ విషయంలో తప్పేది, గ్రిఫీ విషయంలో రెండువైపులా తప్పింది. మరి చెయ్యగలిగిందేమిటి? వాడు రాని రోజున ఆ గడిలో ఎవరు ఉంటారు అన్నది మన చేతిలో పని. ఓక్రెంట్ కాలంలో అది కష్టం, నియమాలు బిగుతు. ఇప్పుడు పిల్లల లీగులో ప్రతి జట్టుకీ రెండు ఇంజర్డ్ లిస్ట్ గడులున్నాయి. దెబ్బ తగిలినవాణ్ణి అందులో పెట్టి, ఖాళీగా ఉన్న ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. కాబట్టి ట్రౌట్ 80 ఆటలే ఆడితే జట్టుకి వచ్చేది 80 ఆటలే కాదు. అతనివి 80, బదులు వచ్చినవాడివి 80. ఇద్దరూ కలిసి ఒక ఆటగాడు. ఆ ఇద్దరి మొత్తానికి ఎంత ధర అన్నదే అసలు లెక్క.

ఇది పెద్దాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అమ్మా, మరి బదులు దొరకకపోతే?" అన్నాడు. సరైన ప్రశ్నే. వాళ్ళది పదిమంది లీగు కాబట్టి ఎవరూ ఎంచుకోని మంచి ఆటగాళ్ళు చాలామంది మిగులుతారు. అదే పదిహేనుమంది ఉన్న లీగయితే సంత ఖాళీ, మిగిలేవి పుచ్చు వంకాయలే. అలాంటి చోట రోజూ వచ్చేవాడికే నా ఓటు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. ఇంట్లో ఒక గాజు గిన్నె ఉంటే సర్దుకోవచ్చు, అన్నీ గాజువే పెట్టుకుంటే అన్నం ఎందులో వార్చుకుంటాం? ట్రౌట్‌ని తీసుకుంటే అలాంటివాళ్ళు ఇంకెవరూ వద్దు. మొదటి నాలుగైదు రౌండ్లూ గట్టివాళ్ళనే ఎంచుకోవాలి. ఆ పైన, అందరూ 'పోతే పోనీ' అనుకునే చోట ట్రౌట్. మావారు ఇంతసేపూ విని, "మీ అమ్మ చెప్పింది ఇన్సూరెన్సు లెక్కరా" అన్నారు. ఆయన నోటినుంచి అది పెద్ద మెచ్చుకోలే.

ఆ ఏడాది ట్రౌట్ విషయంలో ఒక ఆశ కూడా కనిపించింది. మోకాళ్ళకి భారం తగ్గుతుందని అతన్ని మధ్య మైదానం నుంచి కుడివైపుకి మార్చారు. అసలు జట్టువాళ్ళూ మాలాగే ఆలోచిస్తున్నారన్నమాట. కాకపోతే వాళ్ళు 2019లో 12 ఏళ్ళకి 426.5 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసుకుని కూర్చున్నారు. మావాడికి పోయేది ఒక్క వంతు.

డ్రాఫ్ట్ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. పులిహోర చేశాను, అటు డాలస్‌లో మా తోడికోడలు బిర్యానీ చేసింది, ఫోన్లలో ఇద్దరం ఫొటోలు పంపుకున్నాం. ఆరో రౌండ్ వచ్చేసరికి ట్రౌట్ పేరు ఇంకా మిగిలే ఉంది. ఏడో రౌండ్ దాకా ఆగుదామని మావాడి ప్లాను. షార్లెట్ బావ కూడా అదే పేరు మీద కన్నేశాడని అనుమానం వచ్చి ఆరులోనే తీసుకున్నాడు. బావ అవతలనుంచి, "ఒరేయ్, నర్సుని కూడా తీసుకో" అని అరిచాడు.

ఏప్రిల్ బాగానే గడిచింది. నెలాఖరున మళ్ళీ ఎడమ మోకాలు. మే నెల దాదాపు అంతా ట్రౌట్ లిస్టులోనే ఉన్నాడు. ఆ నెల జట్టు చూసుకున్నది మా చిన్నాడు. పుప్పొడి కాలం కదా, రెండు మూడు రోజులు బడి మానాల్సి వచ్చింది. నెబ్యులైజర్ పెట్టుకుని కూర్చుని, ఎవరెవరు ఖాళీగా ఉన్నారో ఏరి, అన్నకి బదులు ఆటగాళ్ళ పేర్లు రాసిపెట్టేవాడు. అన్న ఒకటి రెండుసార్లు వినలేదు, ఆ రెండుసార్లూ నష్టపోయాడు.

మే చివర ట్రౌట్ తిరిగొచ్చాడు. తర్వాత ఎక్కువగా బ్యాటింగ్‌కి మాత్రమే దింపారు, మైదానంలో పరుగులు లేవు. ఆ ఏడాది మొత్తం 130 ఆటలు, 26 హోమ్ రన్లు. 2019 తర్వాత అన్ని ఆటలు ఆడటం అదే మొదటిసారి. అలాగని పాత ట్రౌట్ కాదు. బ్యాటింగ్ సగటు .232కి పడిపోయింది, ఆ గడిలో మావాడి జట్టు కిందికి జారింది. దీన్ని లాభమనాలా నష్టమనాలా అని మావారూ పెద్దాడూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆరో రౌండ్ ధరకి చెల్లుకి చెల్లు అని నా లెక్క.

సెప్టెంబరు 20న డెన్వర్‌లో ట్రౌట్ తన 400వ హోమ్ రన్ కొట్టాడు. బంతి 485 అడుగుల దూరం పోయిందట. అప్పటికే మా లీగులో పెద్దాడు గెలిచే ఆశ లేదు. అయినా అన్నదమ్ములిద్దరూ అరిచిన అరుపుకి పై గదిలో మావారు లేచి వచ్చారు. చివరికి పెద్దాడి జట్టు నాలుగో స్థానంలో ఆగింది. గెలిచింది డాలస్‌లో మా మరిది కూతురు. వచ్చే మార్చికి పదకొండో జట్టు కావాలని మా చిన్నాడు అర్జీ పెట్టాడు. పదకొండైతే వంతులు సరిగ్గా రావు, పన్నెండు కావాలి అంటున్నారు పెద్దవాళ్ళు. ఆ పన్నెండో జట్టు నన్ను తీసుకోమని అడుగుతున్నారు.